58 ఏళ్ళకి ఎయిర్ రైఫిల్ మొదలుపెట్టొచ్చా? పర్లాకిమిడి, రాయగడ, బరంపురం వైపు ఎవరైనా ఆడుతున్నారా?

గజపతి_మాస్టారు
నాది పర్లాకిమిడి. కాలేజీలో పాఠాలు చెబుతాను, ఇంకో రెండేళ్ళలో రిటైర్మెంట్. చదువుకునే రోజుల్లో ఎన్‌సీసీలో 0.22 రైఫిల్ పేల్చాను. ఆ సరదా అప్పుడే మొదలైంది గానీ తర్వాత ఉద్యోగం, పిల్లల చదువులు, ఇంటి లోను. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కొల్హాపూర్ కుర్రాడు స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్‌లో (మోకాలి మీద, పడుకుని, నిలబడి కొట్టే పోటీ) కాంస్యం కొట్టడం టీవీలో చూసినప్పటినుంచి మళ్ళీ మనసు లాగుతోంది.

పతకాల మీద ఆశ లేదు. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పద్ధతిగా నేర్చుకోవాలని ఉంది, అంతే. నా సందేహాలు: కళ్ళకి ప్రోగ్రెసివ్ అద్దాలు, వాటితో గురి కుదురుతుందా? బీపీకి మాత్ర వేసుకుంటాను. ఇంట్లో మా ఆవిడ "ఈ వయసులో తుపాకీ ఏంటండీ" అంటోంది. దగ్గర్లో రేంజ్ ఎక్కడుందో తెలీదు. ఒక ఊళ్ళో షాపులో అడిగితే, పిట్టలు కొట్టే గన్ను ఒకటి చేతిలో పెట్టి "ఇదే అదీను, తీసుకెళ్ళండి" అన్నాడు. తీసుకోలేదు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

బరంపురం_బాబ్జీ
మొదలుపెట్టండి మాస్టారూ. ఆలోచిస్తూ కూర్చుంటే 60 వచ్చేస్తుంది.

మాజీ_సుబేదార్_టెక్కలి
నేను ఫౌజులో చాలా ఏళ్ళు చేశాను కాబట్టి కాస్త గట్టిగానే చెబుతాను. ఎన్‌సీసీలో మీరు పేల్చింది పడుకుని, మోచేతులు నేలకి ఆనించి. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నిలబడి కొట్టాలి. ఐదున్నర కిలోల వరకూ బరువుండే రైఫిల్‌ని ఏ ఆసరా లేకుండా పట్టుకుని నిలబడాలి. మ్యాచ్‌లో 60 షాట్లు, గంటంపావు టైము, దానికి ముందు సర్దుకోవడానికి, సైటర్లకి (లెక్కలోకి రాని సాధన షాట్లకి) ఇంకో పావుగంట. నడుం ఎలా ఉందో ముందు చూసుకోండి. కళ్ళ సంగతి తర్వాత.

పలాస_పవన్
సుబేదార్ గారూ, భయపెట్టేశారు మాస్టార్ని 😀

మాజీ_సుబేదార్_టెక్కలి
భయం కాదు తమ్ముడూ, ముందే చెబితే జాగ్రత్తగా దిగుతారని.

సిరొంచ_స్వరూప
మాస్టారూ, నేను 47 ఏళ్ళకి మొదలుపెట్టాను. మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ, గోదావరి అవతల కాళేశ్వరం. మా అబ్బాయి నాగపూర్‌లో ఉంటాడు. వాడి దగ్గరికి వెళ్ళినప్పుడు అక్కడి రేంజ్‌లో కోచ్ దగ్గర నేర్చుకున్నా, మిగతా రోజులు ఇంట్లోనే సాధన.

సుబేదార్ గారు చెప్పింది నిజమే కానీ సగమే. రైఫిల్ బరువు చేతులతో మోయం. ఎడమ కాలి మీద నడుం కాస్త ముందుకి తోసి, ఎడమ మోచెయ్యి తుంటి ఎముక మీద ఆనిస్తాం. రైఫిల్ బరువు చేతి ఎముకలోంచి తుంటికి, అక్కడినుంచి కాలికి, నేలకి దిగిపోవాలి. కండ బిగిస్తే వణుకు మొదలు. నాకు భుజాల్లో బలం లేదు, అయినా నిలబడగలుగుతున్నా. వెన్నుకి ఆసరాగా కాన్వాస్ జాకెట్, ప్యాంటు ఉంటాయి, అట్టలాగా బిగువుగా. అవి లేకుండా ఎక్కువసేపు చేస్తే మాత్రం నడుం పట్టేస్తుంది. మొదటి రోజుల్లో రోజుకి ఇరవై షాట్లు దాటనివ్వలేదు మా కోచ్.

పలాస_పవన్
నా మాట వినండి. మొదటే డయాప్టర్ సైటు (పీప్ సైటు), జాకెట్టు అంటూ డబ్బు తగలేయకండి. మామూలు ఓపెన్ సైటు (వెనక గాడి, ముందు పుల్ల) రైఫిల్‌తో మొదలుపెట్టండి. కొన్ని పోటీల్లో ఓపెన్ సైటు ఎయిర్ రైఫిల్‌కి వేరే విభాగం కూడా ఉంటుంది. చేతికి అలవాటయ్యాక పీప్ సైటుకి మారొచ్చు. మా బ్యాచ్ అంతా అలాగే నేర్చుకున్నాం.

సిరొంచ_స్వరూప
పవన్ తమ్ముడూ, నీ వయసెంత?

పలాస_పవన్
26 అక్కా.

సిరొంచ_స్వరూప
అందుకే. నీ కన్ను వెనక గాడిని, ముందు పుల్లని, దూరంగా టార్గెట్‌ని గబగబా మార్చి మార్చి చూసేస్తుంది. 45 దాటాక అది కుదరదు. వెనక గాడి మసక, ముందు పుల్ల మసక, ఏది చూడాలో తెలీదు. పీప్ సైటులో వెనక ఉండేది చిన్న రంధ్రం. దాని మీద చూపు నిలపనక్కర్లేదు, దాంట్లోంచి చూస్తే చాలు. పెద్దవాళ్ళకి పీప్ సైటే తేలిక. ఈ ఒక్క విషయంలో నీతో ఒప్పుకోను.

కళ్ళజోడు_కామేశ్వరి
రాయగడలో కళ్ళ పరీక్షలు చేస్తుంటాను. స్వరూప గారు చెప్పింది సరైనది, దానికి కారణం చెబుతాను.

వయసుతో కంటిలోని లెన్స్ గట్టిపడుతుంది, దగ్గర నుంచి దూరానికి ఫోకస్ మార్చలేదు. చత్వారం అంటే అదే. సన్నటి రంధ్రంలోంచి చూసినప్పుడు దగ్గరున్నవీ దూరంగా ఉన్నవీ రెండూ ఓ మాదిరి స్పష్టంగా కనబడతాయి. పీప్ సైటు చేసే పని అదే. అద్దాలు తీసేసి పిడికిలిలో చిన్న సందు చేసి దాంట్లోంచి క్యాలెండర్ మీద అక్షరాలు చూడండి, మీకే తెలుస్తుంది.

ప్రోగ్రెసివ్ అద్దాలు మాత్రం వద్దు మాస్టారూ. రైఫిల్ మీద చెంప ఆనించినప్పుడు తల కాస్త ముందుకి వంగుతుంది, మీరు అద్దంలో పైన, ముక్కు వైపు మూలలోంచి చూస్తారు. ప్రోగ్రెసివ్‌లో మూలలు సరిగ్గా కనబడవు. ఒకే పవర్ ఉన్న అద్దం చేయించుకోండి. కంటికి సుమారు మీటరు లోపు దూరంలో, రైఫిల్ గొట్టం చివర ఉండే ముందు రింగు స్పష్టంగా కనబడాలి, టార్గెట్ నల్ల గుండ్రం కాస్త మసకైనా పరవాలేదు. మామూలుగా దూరపు పవర్‌కి +0.50 కలిపి చూడటంతో మొదలుపెడతాం, తర్వాత మనిషిని బట్టి సర్దుతాం. వీలైతే రైఫిల్ పట్టుకున్న భంగిమలో ఫోటో తీయించుకుని పరీక్షకి తీసుకెళ్ళండి. అద్దంలో ఏ చోటునుంచి చూస్తున్నారో దాన్నిబట్టి తెలుస్తుంది. లెన్స్‌ని కంటి ముందుకి ఎటు కావాలంటే అటు జరుపుకునే షూటింగ్ ఫ్రేములు కూడా ఉన్నాయి, కానీ అది తర్వాత.

ఇంకో మాట. ఒక కన్ను గట్టిగా మూసుకోవద్దు. మూస్తే రెండో కన్నూ అలిసిపోతుంది. వాడని కంటి ముందు తెల్లటి, వెలుతురు లోపలికి వచ్చే ముక్క ఒకటి అడ్డం పెట్టుకోండి. రెండు కళ్ళూ తెరిచే ఉంటాయి.

పలాస_పవన్
కామేశ్వరి గారూ, క్యాలెండర్‌తో చేయించి చూశా. మా నాన్నగారు అద్దాలు లేకుండా తిథి చదివేశారు. సరే, ఓపెన్ సైటు మాట పెద్దవాళ్ళ వరకు వెనక్కి తీసుకుంటున్నా. కుర్రాళ్ళ విషయంలో మాత్రం తీసుకోను.

గజపతి_మాస్టారు
కామేశ్వరి గారూ, చాలా ఉపయోగపడే మాట చెప్పారు. నాకు కుడి కంట్లో శుక్లం మొదలైందని డాక్టరు అన్నారు. ఆపరేషన్ దాకా ఆగాలా?

కళ్ళజోడు_కామేశ్వరి
మీ డాక్టరు గారినే అడగండి, నేను చూడకుండా చెప్పకూడదు. ఆపరేషన్ చేయించుకునేటప్పుడు మాత్రం ఈ సరదా సంగతి ముందే చెప్పండి. ఏ లెన్స్ వేస్తారో దాన్నిబట్టి తర్వాత రైఫిల్ అద్దం మారుతుంది. మీకు ఏ కన్ను బలమైందో కూడా చూసుకోండి. రెండు అరచేతులు ముందుకి చాపి మధ్యలో చిన్న సందు ఉంచి, అందులోంచి దూరంగా గడియారాన్ని చూడండి. ఒక్కో కన్ను మూసి చూస్తే ఏ కంటికి గడియారం కనబడుతుందో అదే బలమైన కన్ను. కుడిచేతి వాటం ఉన్నా ఎడమ కన్ను బలంగా ఉండేవాళ్ళు చాలామంది.

మందులషాపు_మూర్తి
మాస్టారు బీపీ మాత్ర అన్నారు కదా, అది ఎవరూ పట్టించుకోలేదు. ఏ మాత్రో ఒకసారి పేరు చూడండి. మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటివైతే అవి బీటా బ్లాకర్లు. గుండె వేగం తగ్గిస్తాయి, చేతి వణుకు తగ్గిస్తాయి. అందుకే షూటింగ్‌లో వాటిని డోపింగ్ కింద నిషేధించారు. పోటీ రోజే కాదు, పోటీ లేని రోజుల్లో కూడా. సరదాగా రేంజ్‌లో ఆడుకుంటే ఏ గొడవా లేదు. అసలు పోటీకి వెళ్ళేవాళ్ళయితే డాక్టరు కాగితాలతో ముందే మినహాయింపు అడగాలి.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నా. షూటింగ్ కోసమని మాత్ర మీ అంతట మీరు ఆపకండి. బీటా బ్లాకర్ ఒక్కసారిగా ఆపితే గుండెకి ప్రమాదం.

గజపతి_మాస్టారు
చూశాను మూర్తి గారూ. నాది టెల్మిసార్టన్.

మందులషాపు_మూర్తి
అయితే అది బీటా బ్లాకర్ కాదు. హాయిగా వెళ్ళండి. నీళ్ళు తాగడం మర్చిపోకండి, ఆ జాకెట్‌లో చెమట బాగా పడుతుంది.

జయపురం_జగ్గు
మన వైపు ఇంకో చిక్కు ఉంది. జయపురం నుంచి మల్కన్‌గిరి, కోరాపుట్ రోడ్ల మీద చెక్‌పోస్టులు ఎక్కువ. పొడుగాటి పెట్టె కనబడితే ఆపుతారు. నన్ను కారు దింపి పెట్టె విప్పించారు. జవాన్ కుర్రాడు రైఫిల్ చూసి మొదట రెండు అడుగులు వెనక్కి వేశాడు. బిల్లు, ఆధార్, రైఫిల్ అసోసియేషన్ కార్డు చూపించాక "సార్, ఇది ఒలింపిక్స్‌లో వాడేదేనా" అని అడిగి పీప్ సైటులోంచి కూడా చూశాడు. తర్వాత మర్యాదగానే పంపించారు. కాబట్టి కాగితాలు పెట్టెలోనే ఉంచండి. రైఫిల్‌ని సీటు మీద పెట్టుకుని వెళ్ళకండి. తాళం వేసిన పెట్టె, డిక్కీలో.

ఇచ్ఛాపురం_ఇంజినీర్
లైసెన్సు గురించి చాలామందికి గందరగోళం. 0.177 బోర్, అంటే 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ (చిన్న గుండు), 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు. 2016 ఆర్మ్స్ రూల్స్ ప్రకారం. పోటీల్లో వాడే పది మీటర్ల రైఫిల్ శక్తి ఏడెనిమిది జౌల్స్ దగ్గరే ఉంటుంది. బోర్ పెద్దదైనా, శక్తి ఎక్కువైనా లైసెన్సు కావాలి. 50 మీటర్ల 0.22 అయితే అది గన్‌పౌడర్‌తో పేలేది, దానికి 1959 ఆర్మ్స్ చట్టం కింద పూర్తి లైసెన్సు తప్పదు. ఎన్‌సీసీలో మీరు పేల్చింది ఆ రకం, మాస్టారూ. ఆ షాపులో గన్ను తీసుకోకపోవడం మంచిదైంది. బోర్ ఎంతో, శక్తి ఎంతో రాసివ్వని షాపులో కొనకూడదు.

అడవుల_అన్నయ్య
అందరూ మెచ్చుకుంటున్నారు గానీ నాకో బాధ ఉంది. గుణుపురం వైపు కొండల్లో తిరుగుతుంటాను. ఎయిర్ గన్ అంటే మన ఊళ్ళలో గువ్వల్ని, కొంగల్ని కొట్టే సాధనమే. పదేళ్ళ పిల్లలు కూడా పట్టుకు తిరుగుతారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. అరుణాచల్ ప్రదేశ్‌లో 2021లో ఎయిర్ గన్నులు స్వచ్ఛందంగా అప్పగించండని ప్రభుత్వమే ఉద్యమం నడిపింది. ఇక్కడేమో కొత్తవాళ్ళని కొనమంటున్నాం.

సిరొంచ_స్వరూప
అన్నయ్యా, మీ బాధ నాకూ ఉంది. ప్రాణహిత ఒడ్డున పిట్టల్ని కొట్టేవాళ్ళతో గొడవ కూడా పడ్డాను. అందుకే మాస్టారు లాంటివాళ్ళు ఆట నేర్చుకోవాలంటాను. మా వీధి పిల్లలు నా దగ్గర టార్గెట్ కాగితం మీద కొట్టడం చూశాక, పిట్టని కొట్టడం ఏమంత గొప్ప అని వాళ్ళలో వాళ్ళే అనుకుంటున్నారు.

అడవుల_అన్నయ్య
అలా అయితే సంతోషమే అక్కా. కానీ గన్ను పిల్లల చేతికి అందేచోట పెట్టకండి ఎవరూ.

బరంపురం_బాబ్జీ
మాస్టారు ఇంతవరకూ టార్గెట్ చూశారో లేదో. పది మీటర్ల టార్గెట్ మొత్తం వెడల్పు 45.5 మిల్లీమీటర్లు. నల్ల గుండ్రం 30.5. మధ్యలో పది మార్కుల చుక్క అర మిల్లీమీటరు. బాల్‌పెన్ను చుక్క అంత! పెల్లెట్ వెడల్పే దానికి తొమ్మిదింతలు. పెల్లెట్ చుక్కని తాకితే చాలు, పది.

గజపతి_మాస్టారు
అర మిల్లీమీటరా! పది మీటర్ల దూరంలో అది కనబడుతుందా అసలు?

బరంపురం_బాబ్జీ
కనబడదు మాస్టారూ, కనబడనక్కర్లేదు. ముందు రింగు మధ్యలో నల్ల గుండ్రం, చుట్టూ సమానంగా తెల్లటి గీత. అది సమానంగా ఉంటే చుక్క దానంతటదే మధ్యలో ఉన్నట్టు. నల్ల గుండ్రం ఆ రింగులో ఎప్పుడూ నిలవదు, మెల్లగా ఊగుతూనే ఉంటుంది. కొత్తవాళ్ళు అది ఆగేదాకా చూసి, మధ్యలోకి వచ్చిన క్షణంలో ట్రిగ్గర్ గబుక్కున లాగుతారు. ఆ లాగుడుకే షాటు ఎనిమిదిలోకి పోతుంది. ఊగనివ్వాలి. ఊగుతూ ఉండగానే వేలు నెమ్మదిగా నొక్కుతూ పోవాలి. షాటు పేలాక కూడా రెండు క్షణాలు కదలకూడదు. ఆరేడు సెకన్లలో షాటు వెళ్ళకపోతే రైఫిల్ దించెయ్యండి. దించడం నేర్చుకోవడానికే నాకు చాలా కాలం పట్టింది.

మాజీ_సుబేదార్_టెక్కలి
ఇది బంగారం లాంటి మాట. మా కంపెనీలో కూడా రైఫిల్ దించగలిగినవాడే మంచి గురికాడు. ఊపిరి సగం వదిలి ఆపాలి, నిండుగా పీల్చి ఆపకూడదు.

పలాస_పవన్
వయసు గురించి ఇంకా బెంగ ఉంటే, స్వీడన్‌కి చెందిన ఆస్కార్ స్వాన్ 1920 ఆంట్వెర్ప్ ఒలింపిక్స్‌లో 72 ఏళ్ళ వయసులో షూటింగ్‌లో రజతం గెలిచాడు.

ఇచ్ఛాపురం_ఇంజినీర్
ఆయన 60 ఏళ్ళకే 1908 లండన్‌లో స్వర్ణం గెలిచినవాడు. అప్పటికే పండిపోయిన గురి. మాస్టారి పరిస్థితికి ఆయన పోలిక కుదరదు. ఉత్తరప్రదేశ్‌లో బాగ్‌పత్ జిల్లా జోహ్రీ గ్రామానికి చెందిన చంద్రో తోమర్ పోలిక కుదురుతుంది. మనవరాలికి తోడుగా రేంజ్‌కి వెళ్ళి, అరవై దాటాక మొదటిసారి చేత పట్టింది ఆవిడ. ఎన్నో పతకాలు గెలిచింది. 2021లో కోవిడ్‌తో పోయింది. అయితే ఆవిడది పిస్టల్, రైఫిల్ కాదు.

పలాస_పవన్
పారిస్‌లో టర్కీ ఆయన యూసుఫ్ డికెచ్, 51 ఏళ్ళు, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని రజతం కొట్టేశాడు. ఆయనదీ పిస్టలే. మొత్తానికి పెద్దవాళ్ళంతా పిస్టల్ వైపే పోతున్నారేంటి 😀

సిరొంచ_స్వరూప
జాకెట్టు తొడుక్కునే బాధ లేదని!

గజపతి_మాస్టారు
ఇంట్లో ఇదంతా చదివి వినిపించాను. చంద్రో తోమర్ గురించి విని మా ఆవిడ మెత్తబడింది. ఇప్పుడు ఆవిడ ప్రశ్న: మేడ మీద పది మీటర్ల చోటుంది, అక్కడ ఆడుకోవచ్చు కదా, ఊళ్ళు తిరగడం ఎందుకు?

ఇచ్ఛాపురం_ఇంజినీర్
మేడ మీద మొదటే వద్దు. పది మీటర్ల రైఫిల్ పెల్లెట్ సెకనుకి 170 మీటర్ల దాకా వెళ్తుంది. గోడకి తగిలి వెనక్కి వస్తే కన్ను పోతుంది. ఇంట్లో ఆడాలంటే పెల్లెట్‌ని పట్టేసే ఇనప పెట్టె, దాని వెనక గట్టి గోడ, మధ్యలో ఎవరూ నడిచే దారి లేకపోవడం, అందరికీ కళ్ళకి రక్షణ అద్దాలు, ఇవన్నీ కావాలి. పక్కింటి మేడ కనబడే చోట అసలే కుదరదు.

మొదట పెల్లెట్ లేకుండా సాధన చెయ్యండి. పోటీ రైఫిళ్ళలో డ్రై ఫైరింగ్‌కి మీట ఉంటుంది, ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమంటుంది, ఏమీ బయటికి రాదు. అయినా పెల్లెట్ లేదని ప్రతిసారీ చూసుకోవాలి, మనిషి వైపు తిప్పకూడదు. గోడ మీద చిన్న నల్ల చుక్క అంటించి దాని మీద. ఆ సాధనకి మీ ఇంటి హాలు చాలు.

సిరొంచ_స్వరూప
నా సాధనలో ఎక్కువ భాగం అదే. వంటయ్యాక సాయంత్రం అరగంట. టిక్కుమన్న క్షణంలో రింగు ఎటు జరిగిందో కనబడుతుంది. పెల్లెట్ పేలితే ఆ చిన్న జరుగుడు తెలీదు.

సీసం సంగతి కూడా చెప్పాలి. పెల్లెట్లు సీసంతో చేసినవి. ఆడాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఏమీ తినొద్దు. పెల్లెట్లు నోట్లో పెట్టుకునే అలవాటు కొందరికి ఉంటుంది, అది చాలా చెడ్డది. మనవలు వచ్చే ఇల్లైతే పెల్లెట్ల డబ్బా ఎత్తులో, తాళం వేసి పెట్టండి.

గజపతి_మాస్టారు
మరి రైఫిల్ ఏది కొనాలి?

బరంపురం_బాబ్జీ
ఏదీ కొనొద్దు! ముందు రేంజ్‌లో వాళ్ళ రైఫిల్‌తో ఆడండి. వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్ లాంటి విదేశీ పోటీ రైఫిళ్ళు కొత్తవి రెండు లక్షల పైనే. ప్రెసిహోల్ లాంటి మన దేశపు కంపెనీలవీ ఉన్నాయి, తక్కువలో వస్తాయి. మీ ఎత్తు, మెడ పొడుగు, చెంప ఎముకని బట్టి భుజానికి ఆనే బట్ ప్లేటు, చెంప పలక సర్దాలి. మీకేది నప్పుతుందో తెలియకుండా కొంటే అది అటక ఎక్కుతుంది.

జయపురం_జగ్గు
వాడిన రైఫిల్ కొనేవాళ్ళు గాలి సిలిండర్ మీద తేదీ చూడండి. చాలా కంపెనీలవి తయారైన పదేళ్ళ తర్వాత వాడకూడదు. లోపల 200 బార్ ఒత్తిడి ఉంటుంది, ఆషామాషీ కాదు. మా దగ్గర ఒకాయన రైఫిల్ చవగ్గా వచ్చిందని కొన్నాడు, సిలిండర్ గడువు అయిపోయింది. కొత్తది తెప్పించేసరికి చవక కాస్తా పోయింది.

మాజీ_సుబేదార్_టెక్కలి
రేంజ్ విషయానికొస్తే, మాస్టారికి పర్లాకిమిడి నుంచి భువనేశ్వర్ కంటే విశాఖ దగ్గర. గుణుపురం-విశాఖ రైలు మీ ఊరి మీదుగానే పోతుంది. బరంపురం వాళ్ళకి భువనేశ్వర్ దగ్గర, అక్కడ కళింగ స్టేడియంలో గగన్ నారంగ్ పేరు మీద షూటింగ్ హై పర్ఫార్మెన్స్ సెంటర్ ఉంది. నారంగ్ మన హైదరాబాద్ వాడే, 2012 లండన్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం.

బరంపురం_బాబ్జీ
నేను వెళ్ళేది భువనేశ్వరే. ఎక్కడికి వెళ్ళినా ముందు ఫోన్ చేసి పెద్దవాళ్ళ కొత్త బ్యాచ్ ఉందా, రైఫిల్, జాకెట్ వాళ్ళే ఇస్తారా అని అడగండి. కొన్నిచోట్ల పిల్లల శిక్షణకే ప్రాధాన్యం, మనల్ని మూల నిలబెడతారు. పోటీల్లో వయసు పైబడినవాళ్ళకి మాస్టర్స్ విభాగాలు వేరుగా ఉంటాయి, ఆ సంగతి కూడా అక్కడే కనుక్కోండి.

మాజీ_సుబేదార్_టెక్కలి
మాస్టారూ, వచ్చే నెల మా అమ్మాయి దగ్గరికి విశాఖ వెళ్తున్నా. మీరూ వస్తే ఇద్దరం కలిసి రేంజ్‌లో అడుగుదాం. నేనూ నిలబడి కొట్టి చాలా కాలమైంది. అంతవరకూ రోజూ పొద్దున్న నడక, నడుం వంచే కసరత్తు చేసి ఉండండి.

గజపతి_మాస్టారు
తప్పకుండా వస్తాను సుబేదార్ గారూ. శనివారమైతే నాకు క్లాసులు మధ్యాహ్నానికి అయిపోతాయి. కామేశ్వరి గారూ, ఈ లోపు రాయగడ వచ్చి కళ్ళు చూపించుకుంటాను, ఫోటో తీసుకురమ్మన్నారు కదా, రైఫిల్ లేకుండా కర్రతో దిగినా సరిపోతుందా?

కళ్ళజోడు_కామేశ్వరి
సరిపోతుంది. చెంప కర్రకి ఆనించి, నిజంగా గురి చూస్తున్నట్టే నిలబడండి. పక్కనుంచి ఒకటి, ఎదురుగా ఒకటి తీయించండి. ఇప్పుడు వాడే కళ్ళజోడు పెట్టుకునే దిగండి, పాత పరీక్ష కాగితం ఉంటే అదీ తీసుకురండి.